వ్యాపారి పద్దులో మూగజీవాల హక్కు

ఖుర్బానీ రోజులు సమీపించాయంటే పశువుల పట్ల దయను గురించిన ప్రసంగాలు మసీదుల్లో వినవస్తాయి. కత్తికి బాగా పదును పెట్టాలని, ఒక పశువు కళ్లెదుట మరొకదానిని జబహ్ చేయరాదని, దానిని దాహంతో ఉంచరాదని ఉలమాలు గుర్తుచేస్తారు. ఆ మూడు రోజులు గడవగానే ఆ మాటలు కూడా వచ్చే ఏటికి వాయిదా పడతాయి. కాని మాంసం దుకాణాలు, చికెన్ సెంటర్లు, పాల డెయిరీలు, బిర్యానీ హోటళ్లు, రవాణా బండ్లు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటాయి. వాటిలో అనేకం మన కుటుంబాలకు జీవనాధారం. 2019 నాటి పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు గొర్రెలున్నాయి. దేశంలోని మొత్తం గొర్రెలలో ఇది దాదాపు సగం. ఇన్ని ప్రాణులు సంతలకు, అక్కడి నుండి జియాగూడ వంటి మార్కెట్లకు, చివరకు మన వీధి చివరి దుకాణానికి చేరే దారిలో ఎక్కువ భాగం వ్యాపారుల చేతుల్లోనే ఉంది. కనుక ఈ నెల మన మాట ప్రధానంగా వ్యాపారులతో.

వ్యాపారంలో మోసం, మూగజీవికి హింస ఒకే పనిలో ఎలా కలిసిపోతాయో చూపే ఉదాహరణ హదీసుల్లో ఉంది. అరబ్బుల సంతల్లో పాలిచ్చే ఒంటెనో గొర్రెనో అమ్మదలచినవారు కొన్ని రోజులు పాలు పితకకుండా పొదుగును నిండనిచ్చేవారు. ఉబ్బిన పొదుగును చూసి కొనేవాడు భ్రమపడేవాడు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఈ పనిని నిషేధించారు. ఆ విధంగా మోసపోయినవాడు పశువును ఉంచుకోవచ్చునని, లేదా తిరిగి ఇచ్చివేయవచ్చునని, తిరిగి ఇచ్చేటప్పుడు దానితో పాటు ఒక సా ఖర్జూరాలు ఇవ్వాలని తీర్పు చెప్పారు. ఫిఖహ్ గ్రంథాల్లో ఇది ముసర్రాత్ అనే పేరుతో ఉంటుంది. వివరాల్లో ఇమాముల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. మనం దీనిని ఎక్కువగా కొనుగోలుదారు హక్కుగానే చదువుకుంటాం. పాలు దిగక పొదుగు సలుపుతుంటే సంతలో నిలబడిన ఆ జీవి బాధ మన చర్చల్లోకి అంతగా రాదు.

నేటి సంతల్లో ఆ మోసం రూపం మార్చుకుంది. కిలోల లెక్కన అమ్మే పొట్టేలుకు ఉప్పు తినిపించి, దాహం పుట్టించి, కడుపు నిండా నీళ్లు తాగించి కాటా మీదికి ఎక్కించేవారున్నారు. పాడి గేదెకు పూటపూటకూ ఆక్సిటోసిన్ సూది పొడిచి పాలు చేపించేవారున్నారు. దూడ నోటిదాకా చుక్క పాలు చేరనివ్వనివారూ ఉన్నారు. పాలు ఎక్కువ పిండడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పాలకేంద్రం నడిపే సోదరుడు తనకు పాలు పోసే రైతును వెన్న శాతం గురించి ఎలాగూ అడుగుతాడు. దూడ బతికి ఉందా, సూది వాడుతున్నావా అని కూడా అడగడానికి పైసా ఖర్చు కాదు. సూది వాడనివారికి లీటరుకు కొద్దిపాటి ధర పెంచి ఇవ్వగలిగితే అది ప్రసంగాల కంటే బాగా పనిచేస్తుంది.

ఇక కోళ్ల సంగతి. స్కూటరు హ్యాండిలుకు ఇరువైపులా తలక్రిందులుగా వేలాడే కోళ్లు మన రోడ్ల మీద ఎంత మామూలు దృశ్యమంటే, పిల్లలు కూడా దానిని వింతగా చూడరు. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. రోహిణీ కార్తె ఎండలో కిక్కిరిసిన బుట్టల్లో గాలి ఆడక రొప్పడం కూడా సాగక అది ప్రాణం విడుస్తుంది. వేసవిలో తెల్లవారక ముందే సరుకు దింపించుకోవడం, బుట్టకు పట్టినన్ని గాక కొన్ని తక్కువగా వేయించడం, దుకాణం ముందరి పంజరానికి నీడ కట్టి లోపల నీటి గిన్నె పెట్టడం పెద్ద పెట్టుబడి కోరే పనులు కావు. రెక్క పట్టి లాగకుండా రెండు చేతులతో ఒడిసి పట్టాలని పనివానికి నేర్పాలి. ఒకదానిని కోసి, అది ఇంకా కొట్టుకుంటూ ఉండగానే డ్రమ్ములో వేసి మరొకదానిని అందుకునే తొందర మన దుకాణాల్లో కనిపిస్తుంది. ప్రాణం పూర్తిగా పోయి శరీరం చల్లబడక ముందే చర్మం వలవడాన్ని ఫుఖహాలు నిరసించారు. హలాల్ బోర్డు పెట్టినవాడు ఈ మాటను ఆ బోర్డు పరిధిలోనిదిగానే భావించాలి.

బెదిరిన, అలసిన పశువు మాంసం నాణ్యత తగ్గుతుందని ఈ వృత్తిలో పండిన పెద్దలకు అనుభవం మీద తెలుసు. కారణం కండరాల్లో ఉంది. కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజన్ జబహ్ తరువాత ఆమ్లంగా మారి మాంసాన్ని సరైన స్థితికి తెస్తుంది. దూరప్రయాణం, ఆకలి, భయం వల్ల ఆ నిల్వ ముందే ఖర్చయిపోతే మాంసం నల్లబడి, బిగుసుకుని, త్వరగా పాడవుతుంది. దెబ్బలు తగిలి కమిలిన భాగాన్ని కోసి పారవేయవలసిందే. 2001 నాటి కబేళా నియమాలు పశువైద్యుని పరీక్ష తరువాత పశువుకు 24 గంటల విశ్రాంతి ఇవ్వాలంటాయి. ఇతర పశువుల కళ్లెదుట కోయరాదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. మన శరీయత్ మర్యాదకు, దేశ చట్టానికి ఈ విషయంలో భేదమే లేదు. మతం కోరిన పద్ధతిలో జబహ్ చేయడాన్ని 1960 చట్టం 28వ సెక్షన్ నేరంగా పరిగణించదు. అయితే ఆ మినహాయింపు జబహ్‌కు సంబంధించినది. దారి పొడవునా పెట్టే హింసకు అది వర్తించదు.

ఆ చట్టంలోనే 11వ సెక్షన్ కింద హింసకు మొదటిసారి పడే జరిమానా 10 నుండి 50 రూపాయలు. ఇరానీ హోటలులో ఇద్దరు టీ తాగితే అయ్యే ఖర్చు అంతకంటే తక్కువేమీ కాదు. ఈ జరిమానాకు భయపడి ఎవరూ మారరు. మన పూర్వుల కాలంలో బజారు మీద ముహ్తసిబ్ అనే తనిఖీ అధికారి నిఘా ఉండేది. పన్నెండవ శతాబ్దపు సిరియాలో అష్షైజరీ రాసిన ముహ్తసిబ్ మార్గదర్శినిలో కసాయి గొర్రెను కాలు పట్టి ఈడ్చరాదని, మొద్దుబారిన కత్తి వాడరాదని ఉంది. బరువులు మోసే పశువు బజారులో ఆగినంతసేపూ దాని మీది మూట దించి ఉంచాలన్న నిబంధన కూడా ఆనాటిదే. అంతకు ముందే ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, ఈజిప్టులో ఒంటెల మీద వెయ్యి రతల్‌ల బరువు వేస్తున్నారని విని, ఆరువందలకు మించరాదని తన అధికారికి లేఖ పంపినట్లు చరిత్రకారులు నమోదు చేశారు. మన దేశంలో 1965 నాటి నియమాలు గాడిదపై 50 కిలోలకు, కంచర గాడిదపై 200 కిలోలకు మించి వేయరాదంటాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటినచోట పగలు 12 నుండి 3 గంటల వరకు బండి కట్టరాదంటాయి. ఇటుక బట్టీల వారు, ఇసుక తోలించేవారు ఈ నియమాల పేరైనా విన్నారో లేదో!

ఇక్కడ యజమానులతో ఒక మాట గట్టిగా చెప్పాలి. పశువును కొట్టేవాడు ఎక్కువసార్లు కూలివాడు. కొట్టించేది మాత్రం యజమాని పెట్టిన లెక్క. డ్రైవరుకు ట్రిప్పుకింత అని కూలి కడితే అతడు దారిలో ఆగి నీళ్లెందుకు పెడతాడు? కోళ్ల దుకాణంలో కుర్రవానికి కోసినన్నింటికి ఇంత అని ఇస్తే, అవి చల్లబడే దాకా ఎందుకు వేచి ఉంటాడు? రోజు కూలి స్థిరంగా ఇచ్చి, చనిపోకుండా, కాలు విరగకుండా దిగిన జీవాల లెక్కన కొంత బహుమానం కలిపి చూడండి. అన్సారీ సహచరుని తోటలో కన్నీరు కార్చిన ఒంటెను దైవప్రవక్త (స) నిమిరి, దాని యజమాని ఎవరని అడిగారు. ఆకలితో ఉంచి విపరీతంగా పని చేయిస్తున్నావని అది ఫిర్యాదు చేస్తోందంటూ మందలించినది ఆ యజమానినే.

పశువులతో నేరుగా సంబంధం లేని వ్యాపారాలకు కూడా ఇందులో పాత్ర ఉంది. హోటళ్లవారు మిగిలిన ఆహారాన్ని ప్లాస్టిక్ కవరులో ముడివేసి కుప్పలో పడవేస్తే ఆవు కవరుతో సహా మింగుతుంది. ఆ ప్లాస్టిక్ అరగదు, బయటికి రాదు. కడుపు నిండి ఉండగానే పశువు చిక్కి చస్తుంది. అలాగని బకెట్ల కొద్దీ అన్నం ఒకేసారి పెట్టడం దయ కాదు. నెమరువేసే పశువు కడుపులో అది పులిసి ప్రాణాంతకమవుతుంది. బక్రీదుకు తెచ్చిన మేకకు ప్రేమతో రొట్టెలు, బియ్యం తినిపించే మన ఇళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది. మాంసం దుకాణం వ్యర్థాలను రోడ్డు పక్కన పోస్తే కుక్కల గుంపులు చేరతాయి, పిల్లలు కాటుకు గురవుతారు, ఆ కుక్కలే తరువాత రాళ్లదెబ్బలు తింటాయి. మూత ఉన్న డ్రమ్ములో ఉంచి మునిసిపాలిటీ బండికి అప్పగించడం మనిషికీ కుక్కకూ మేలు. పెండ్లిళ్లకు షాదీఖానాలు అద్దెకిచ్చేవారు డీజే పెట్టెల ప్రక్కన, బాణసంచా మధ్య గుర్రాన్ని నిలపరాదని రసీదులోనే ఒక నిబంధన రాయవచ్చు.

ముసలిదైపోయి, జబ్బుపడి, ఇక ఏ ప్రయోజనమూ లేని పశువుకైనా సాటి పశువులకు పెట్టినంతే మేత పెట్టడం యజమానిపై దాని హక్కు అని పదమూడవ శతాబ్దపు ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ రాశారు. ఆయన దానిని ఉపకారంగా గాక హక్కుగా లెక్కించారు. హక్కు అన్న తరువాత పద్దులో దానికి ఒక వరుస ఉండాలి. జకాత్ ఎవరెవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ నిర్ణయించింది గనుక ఈ ఖర్చును అందులో చూపరాదు. దుకాణం ఖర్చుగానో సదకాగానో రాసుకోవాలి.

పశుకారుణ్యం పేరుతో మన వ్యాపారులను దారి కాచి అవమానించే రోజుల్లో ఈ సంగతులు మనమే ఎత్తుకోవడం అవసరమా అని కొందరు సోదరులు అడుగుతారు. వారి ఆవేదన న్యాయమైనదే. కాని ఆ దౌర్జన్యానికి జవాబు చెప్పవలసింది దౌర్జన్యం చేసినవారు. మన బండిలో నీళ్లు లేక చచ్చిన గొర్రెకు జవాబు చెప్పవలసింది మనం. ఒకరి లెక్క మరొకరి లెక్కలో చెల్లదు.

వేసవికి ముందే దుకాణం ప్రక్కన ఒక సిమెంటు తొట్టి పెట్టించాలనుకునేవారు దానిని మేకకు కూడా అందే ఎత్తులో, నీడపట్టున పెట్టించండి. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి, పాచి పోయేలా రుద్ది కడిగే పనిని ఎవరో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. లేకుంటే వారం తిరిగేసరికి అందులో దోమలు పెరుగుతాయి, వీధివారే దానిని తీసివేయమంటారు.