అంగీ, పుస్తకాలు: చలికాలం రాకముందే

చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో ఒక చిన్న కోరిక ఉంది. త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీని తెచ్చిపెట్టమంటాడు. దాంతోపాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మంటాడు. మరికొన్ని వచనాల తర్వాత, చలికాలం రాకముందే వచ్చేలా చూడమని బతిమాలుతాడు. తన పరుగు ముగింపుకు వచ్చిందని తెలిసిన మనిషి అడిగిన వస్తువులు ఇవే: ఒంటికి వెచ్చదనం, చేతికి పుస్తకం. ఒకటి ఇస్తే రెండోది అక్కర్లేదని ఆయన అనుకోలేదు.

డిసెంబరు రాగానే మాకు ఈ మాటలు గుర్తొస్తాయి. కారణం మన్యంలో చదువుకుంటున్న పిల్లలు.

ఏటా ఈ నెలలో పత్రికలు లంబసింగి చలిని మొదటి పేజీలో వేస్తాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు శీతాకాలపు రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటే నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది. బరువైన చల్లగాలి కొండవాలు మీదుగా జారి లోయలో నిలిచిపోతుంది. అందుకే విశాఖలో పలచని దుప్పటి సరిపోయే రాత్రి, పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో ఉష్ణోగ్రత పదికి లోపు పడిపోతుంది. తెలంగాణలో ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలదీ ఇదే కథ.

పట్నం నుంచి వెళ్ళేవాళ్ళకు ఈ చలి ఒక వేడుక. వంజంగి కొండ మీద మేఘాలు చూసి, టీ తాగి, ఫొటో దిగి సాయంత్రానికి దిగి వస్తారు. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. పర్యాటకం వల్ల అక్కడి కుటుంబాలకు నాలుగు రూపాయలు వస్తున్నాయి. కానీ అదే ఉదయం అదే మంచులో జూనియర్ కాలేజీకో డిగ్రీ కాలేజీకో వెళ్ళాల్సిన పిల్లలు ఉన్నారు. వాళ్ళు దిగి వెళ్ళిపోయేవాళ్ళు కారు.

చలిగాలుల హెచ్చరికకు వాతావరణ శాఖ దగ్గర ఒక లెక్క ఉంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీలకు లోపు ఉండి, ఆ రోజుకు మామూలుగా ఉండేదానికంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చలిగాలులు వీస్తున్నట్టు. కొండ ప్రాంతాలకైతే సున్నా డిగ్రీలు రావాలి. వాతావరణ శాస్త్రానికి అది సరైన లెక్కే. అయితే ఏటా నెలన్నర పాటు ఏడెనిమిది డిగ్రీల్లో ఉండే చోట అది మామూలే అవుతుంది. మామూలైనదానికి హెచ్చరిక రాదు. హెచ్చరిక రానిదానికి నిధులు కూడా అంత తేలిగ్గా రావు. కిటికీ తలుపు ఊడిన గదిలో నేల మీద పడుకున్న పిల్లకు మాత్రం అది మామూలు చలి కాదు.

హాస్టల్ జీవితం ఎరిగినవారికి మేము చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున లేవాలి. తొట్టిలో నీళ్ళు మంచుగడ్డలా ఉంటాయి. కొందరు స్నానం మానేస్తారు. గజ్జి, దగ్గు, జలుబు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. కొందరు గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగిస్తారు. బొగ్గుల పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. ఈ ఒక్క సంగతి మన కాపరులు మన్యంలోని ప్రతి సంఘంలో చెప్పినా మేలే.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువ. ఈ వ్యాధి ఉన్నవారికి చలి శత్రువు. చల్లటి నీళ్ళు, చలిగాలి తగిలితే రక్తనాళాలు ముడుచుకుని, కొడవలి ఆకారపు కణాలు అడ్డుపడి, ఎముకల్లో భరించలేని నొప్పి మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని 2023 జూలైలో ఒక మిషన్ ప్రారంభించింది. రక్తపరీక్షలు జరగడం సంతోషమే. కానీ వ్యాధి ఉందని కార్డు చేతికిచ్చి, ఆ పిల్లనే చన్నీళ్ళ స్నానానికి పంపితే కార్డు ఎందుకు? ఆ బిడ్డకు బకెట్ వేడినీళ్ళు సౌకర్యం కాదు, వైద్యం.

చలి చదువును మరో దారిలోనూ దెబ్బతీస్తుంది. మన్యంలో కాఫీ పండ్లు కోసేది నవంబరు నుంచి జనవరి దాకా. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ వెనుక ఈ కుటుంబాల చేతులున్నాయి. పర్యాటకుల రద్దీ ఉండేదీ అప్పుడే. డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు చాలాసార్లు ఈ నెలల్లోనే పడతాయి. కూలి డబ్బు ఇంటికి అవసరం, హాజరు కాలేజీకి అవసరం. మధ్యలో నలిగేది విద్యార్థి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18 నుంచి 23 ఏళ్ళ వయసువారిలో నూటికి 28 మంది ఉన్నత విద్యలో ఉంటే, గిరిజనుల్లో ఆ సంఖ్య 21. ఆ తేడా ఒక్క చలి వల్లే వచ్చిందని మేము అనడం లేదు. అయితే చదువు మానేయడానికి కారణాలు వెతుక్కునే పరిస్థితిలో ఉన్న పిల్లకు చలి మరో కారణం ఇస్తుంది.

మరి చిన్న సమాజం మధ్య ఉన్న చిన్న కాలేజీకి ముందు ఏది ముఖ్యం? నిధులు వచ్చినప్పుడు కంటికి కనిపించే పనులే ముందుకు వస్తాయి. స్వాగత ద్వారం, రంగులు, డిజిటల్ తెర, శిలాఫలకం. అవి వద్దనడం లేదు. వరుస మార్చమంటున్నాం. మొదట కిటికీలకు తలుపులు, పడుకోడానికి మంచం, స్నానానికి వేడినీళ్ళు. సోలార్ హీటర్ బిగించి వెళ్తే సరిపోదు. మంచు కమ్మిన రోజుల్లో దానికి తోడు కట్టెల బాయిలరైనా ఉండాలి, చెడిపోతే బాగుచేసే మనిషి ఉండాలి. ఆ తర్వాత డిసెంబరు, జనవరి నెలల్లో మొదటి పీరియడ్‌ను గంట వెనక్కి జరపడం. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత కాఫీ కోత రోజులను లెక్కలోకి తీసుకున్న పరీక్షల పట్టిక.

చివరగా, చదువు ఆ నేలకు పనికొచ్చేలా ఉండాలి. కమ్యూనిటీ కాలేజీ అనే ఆలోచన ఇదే. మన దేశంలో అది 1995లో పుదుచ్చేరిలో మొదలైంది. మరుసటి ఏడాది మద్రాసు-మైలాపూరు కతోలిక అగ్రపీఠం మద్రాసులో అలాంటి కాలేజీ తెరిచింది. చదువు మధ్యలో ఆగిపోయిన యువతకు చేతిపని నేర్పి, ఉపాధి దారి చూపడం దాని ఉద్దేశం. కాఫీ, మిరియాలు, పసుపు పండే చోట వాటిని శుద్ధి చేయడం, అమ్మడం, లెక్కలు రాయడం నేర్పే కోర్సు ఉంటే, కోతకు వెళ్ళిన పిల్ల చదువుకు దూరమైనట్టు కాదు.

ఇదంతా ప్రభుత్వం పని కదా అని కొందరు అంటారు. నిజమే. రాజ్యాంగం 46వ అధికరణం గిరిజనుల విద్యను ప్రత్యేక శ్రద్ధతో చూడమని ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. కాబట్టి మనం అడగాలి. అడగడం కూడా పరిచర్యే. తాకట్టు పెట్టిన పేదవాడి పైవస్త్రాన్ని పొద్దు గుంకకముందే తిరిగి ఇచ్చేయమని నిర్గమకాండంలో దేవుడు ఆజ్ఞాపించాడు. రాత్రి చలికి వాడు దేనిలో పండుకుంటాడన్నది ఆయన దృష్టిలో దయకు సంబంధించిన మాటే కాదు, న్యాయానికి సంబంధించిన మాట.

ఇక మన సంగతి. సెమీ క్రిస్మస్ కూటాలతో, కేరల్స్‌తో, దుప్పట్ల పంపిణీతో మన డిసెంబరు నిండిపోతుంది. దుప్పటి ఇచ్చే చేతిని మేము చిన్నబుచ్చం. కానీ రెండు ప్రశ్నలు వేసుకుందాం. చలి నవంబరులోనే మొదలైతే, దుప్పటి క్రిస్మస్ వారంలో ఎందుకు చేరుతోంది? ఆ దుప్పటి ఖరీదు కన్నా వెనుక కట్టిన ఫ్లెక్సీ, వేదిక, భోజనాల ఖర్చు ఎక్కువైతే, ఆ కార్యక్రమం ఎవరి కోసం జరిగినట్టు? వణుకుతున్నవారికి వెచ్చగా ఉండమని చెప్పి ఊరుకునే విశ్వాసాన్ని యాకోబు మృతమన్నాడు. ఒక్కసారి ఇచ్చి ఫొటోతో ముగించే దానానికీ ఆ మాట కొంత తగులుతుంది.

మన పూర్వికులు దూరం చూశారు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడి 1843లో మొదలై కాలేజీగా ఎదిగింది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. ఆ చదువుల ఫలం తిన్న కుటుంబాలు ఈనాడు మన సంఘాల ముందు వరుసల్లో ఉన్నాయి. ఆ అప్పు తీర్చుకునే చోటు ఇప్పుడు కొండ మీద ఉంది.

అందుకే ఒక మనవి. పట్టణ సంఘం ఒక్కొక్కటీ మన్యంలో ఒక హాస్టల్‌ను ఎంచుకోవచ్చు. వార్డెన్ గారినీ, పిల్లలనూ ముందు అడగాలి. ఏం కావాలో వాళ్ళకే బాగా తెలుసు. యవనస్థుల కూటంలో ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు, నర్సులు ఉన్నారు. సెప్టెంబరులో ఒక శనివారం వెళ్ళి కిటికీలు బిగించి రావచ్చు. స్త్రీల సమాజం స్వెట్టర్లు అక్టోబరుకే సిద్ధం చేయవచ్చు. సహాయానికి ఏ షరతూ ఉండకూడదు. ఏ దేవుణ్ణి కొలుస్తావని అడిగి ఇచ్చే దుప్పటిలో వెచ్చదనం ఉండదు.

ఓడ పగిలి మెలితే ద్వీపానికి చేరిన పౌలు బృందానికి వర్షంలో, చలిలో నిప్పు రాజేసి ఆదరించింది ఆ ద్వీపవాసులు. వాళ్ళు సువార్త విన్నవాళ్ళు కారు. వాళ్ళ నిప్పు దగ్గర పౌలు ఊరికే కూర్చోలేదు. తానూ లేచి పుల్లలు ఏరి తెచ్చి మంటలో వేశాడు. కొండ మీది ప్రజలు మనలను ఎన్నోసార్లు తమ నిప్పు దగ్గర కూర్చోబెట్టుకున్నారు. మనం తేవలసిన పుల్లలు ఇంకా బాకీ ఉన్నాయి. ఈ ఏడాది ఆలస్యమైనా, వచ్చే ఏడాదైనా చలికాలం రాకముందే వెళ్దాం. అంగీతో వెళ్దాం, పుస్తకాలతోనూ వెళ్దాం.