ఒక కనెక్షను, రెండు కంప్యూటర్లు, ఒక నీరుగంటి

ఇంట్లో నెట్ కనెక్షను ఒకటే ఉంది, కంప్యూటర్లు రెండున్నాయి, ఏం చెయ్యాలి అని ఎవరైనా అడిగితే మన సాఫ్టువేరు వాళ్ళు ఠక్కున చెప్పే సలహాలు రెండు. ఒకటి, ఇంకా పెద్ద ప్లాను తీసుకో. రెండోది, రౌటరు సెట్టింగుల్లోకెళ్ళి ఆఫీసు లాప్‌టాప్‌కి ప్రయారిటీ ఇచ్చెయ్. మొదటిది చాలాసార్లు డబ్బు దండగ. రెండోది అన్యాయం కూడాను. ఈ మాట కాస్త ఘాటుగానే ఉందని తెలుసు, అందుకే వివరంగా రాస్తున్నా. తిట్టాలనుకునేవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి :)

ముందు కాస్త పాత కథ. నిజానికి ఒక కనెక్షన్ని రెండు కంప్యూటర్లకి పంచడం అనేది ఎప్పుడో తీరిపోయిన సమస్య అనే అందరూ అనుకుంటారు. 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అని ఒకటి వచ్చింది. మోడెమ్ ఉన్న కంప్యూటరు 192.168.0.1 అయి కూర్చునేది. రెండోది క్రాసోవర్ కేబుల్‌తో దాని తోక పట్టుకునేది. మొదటిది ఆపేస్తే రెండోదానికీ చీకటే. మా ఆఫీసులో సీనియర్లు ఈ కథలు భలే చెప్తారు. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చాక అయితే అర్ధరాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్లు చేసుకోవడం, ఆ సంబరం వేరు లెండి. వీటన్నిటి వెనకా ఉన్నది నాట్. 1994లో ఆర్ఎఫ్‌సీ 1631గా వచ్చింది. ఒక్క పబ్లిక్ అడ్రసు వెనకాల ఎన్ని మిషన్లైనా దాక్కోవచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. నాట్ పంచేది అడ్రసుని, కనెక్షన్ని కాదు. ఉన్న రెండు ఎంబీపీఎస్‌లో ఎవరికెంత, ఎవరి ప్యాకెట్టు ముందు వెళ్ళాలి అనే ప్రశ్నకి అందులో జవాబే లేదు. వచ్చింది వచ్చినట్టు క్యూలో నిలబెట్టడమే. ఎవడు ఎక్కువ తోస్తే వాడిదే రాజ్యం.

ఇప్పుడు మా చిన్నమ్మ వాళ్ళింటి సంగతి చెప్పాలి. వాళ్ళది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. అనంతపురం జిల్లా పల్లెలో నెట్టేమిటి అనకండి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకి 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ అన్నారు. ఆ తర్వాత పల్లెల్లో కూడా నెట్టంటే వింత పోయింది. చిన్నమ్మ వాళ్ళింట్లో ఉన్నది మాత్రం అది కాదు, దగ్గర్లోని ఒక ఆపరేటరు ఇచ్చిన లైను. కిందికి పదిహేను చూపించేది, పైకి మాత్రం రెండే. ఈ పైకి అన్నదాన్ని గుర్తు పెట్టుకోండి.

2020లో లాక్‌డౌన్ సడలించాక వాళ్ళబ్బాయి బెంగళూరు రూము ఖాళీ చేసి ఊరికొచ్చేశాడు. నాకు వరసకి అన్న. వాడికి పొద్దున్నుంచి రాత్రిదాకా కాల్స్. చెల్లెలు బీటెక్ ఫైనలియర్, దానికి ఆన్‌లైన్ క్లాసులు. వారం గడిచేసరికి ఇంట్లో ఒక చట్టం తయారయింది. కాల్‌లో అన్న గొంతు తెగిపోతే చాలు, చిన్నమ్మ వంటింట్లోంచే కేకేసేది, "అన్నకు కాలంట, నీది ఆపు మే" అని. అది నోరెత్తకుండా లాప్‌టాప్ మూసి, ఫోను పట్టుకుని మిద్దె మీదికి పోయేది. ఆ ఫోనులో రోజుకి ఒకటిన్నర జీబీ, మధ్యాహ్నానికి అయిపోయేది. మిద్దె మీద ఎండ ఎట్లుంటుందో మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ డిసెంబరులో ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు పెట్టింది, కెమెరా ఆపకూడదు. అదే టైముకి అన్న ఆఫీసులో రిలీజు. టెస్టు మిద్దె మీద, హాట్‌స్పాట్‌లో రాసింది. నలభయ్యో నిమిషంలో తెగిపోయింది. మళ్ళీ లోపలికి రానివ్వలేదు.

ఇంట్లో ఎవరూ దీన్ని అన్యాయం అనుకోలేదు. చిన్నమ్మ చెడ్డది కాదు, అన్న అంతకన్నా కాదు. జీతం వచ్చే కంప్యూటరు ముందు, ఫీజు కట్టే కంప్యూటరు వెనక. అంతే లెక్క.

సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు పింగ్ పెట్టి చూశాను. ఎవరూ వాడనప్పుడు ముప్పై మిల్లీసెకన్లు. చెల్లెలి క్లాసు పెడితే ముప్పై ఐదు. దాంతోపాటు అన్న కాల్ కూడా పెడితే నలభై. అంటే రెండూ హాయిగా పక్కపక్కన నడుస్తున్నాయి! ఇంతలో అన్న ఫోను వైఫైలోకి వచ్చింది. పండక్కి తీసిన ఫొటోలూ వీడియోలూ బ్యాకప్‌కి ఎక్కడం మొదలెట్టాయి. పింగు వెయ్యి దాటింది. అన్న గొంతు తెగింది. "నీది ఆపు మే" అని కేక వినపడింది. ఆ క్షణాన చెల్లెలి లాప్‌టాప్ నుంచి పైకి పోతున్నది దాదాపు సున్నా.

దీనికి పేరుంది, బఫర్‌బ్లోట్. జిమ్ గెటీస్ 2010లో తన ఇంటినుంచి పెద్ద ఫైళ్ళు కాపీ చేస్తూ దీన్ని పట్టుకుని ఆ పేరు పెట్టాడు. లెక్క చాలా చిన్నది. రౌటరులో 256 కేబీ బఫరు ఉందనుకోండి, పైకి పోయే లైను ఒక ఎంబీపీఎస్ అనుకోండి. ఆ బఫరు నిండితే ఖాళీ అవడానికి రెండు సెకన్లు పడుతుంది. దాని వెనక నిలబడ్డ మీ గొంతు ప్యాకెట్టు రెండు సెకన్లు ఆగాల్సిందే. పైగా కింది నుంచి వస్తున్న డౌన్‌లోడ్లకి మనం పంపే ఎక్‌నాలెడ్జ్‌మెంట్లు కూడా ఆ క్యూలోనే ఉంటాయి కాబట్టి అవీ మందగిస్తాయి. మెమరీ చవకైంది కదా అని బాక్సులు చేసేవాళ్ళు బఫర్లు పెంచుకుంటూ పోయారు. జాన్ నేగిల్ 1985లోనే, ఆర్ఎఫ్‌సీ 970లో, అంతులేని నిల్వ పెట్టినా రద్దీ తీరదు, పంపేవాళ్ళకి వంతులు వెయ్యండి అని రాశాడు. మనవాళ్ళు నిల్వ పెంచారు, వంతుల సంగతి వదిలేశారు.

వంతులంటే గుర్తొచ్చింది, నీరుగంటి గురించి ఈ తరంలో ఎంతమందికి తెలుసో. మా వైపు చెరువుల కింద నీళ్ళు పంచడానికి నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, చివరి మడికి చేరిందా లేదా, ఇదంతా ఆయన పని. దానికి రైతులు పంటలో గింజలు కొలిచేవాళ్ళు. చాలా ఊళ్ళలో ఆయనకి ఆ చెరువు కింద సొంత పొలం ఉండేది కాదు. బీదరికం వల్లా కులం వల్లా లేకపోయింది గానీ, పని విషయంలో మాత్రం అదే ఆయన మాటకి విలువ తెచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఉన్న నీళ్ళకి సొంత స్వార్థం లేని చెయ్యి ఒకటి కావాలని మా ముత్తాతలకి తెలుసు.

మన ఇంటి రౌటరుకి కూడా సొంత పొలం లేదు. కానీ ఆ పని దానికి మనం చెప్పడం లేదు. చిన్నమ్మకి అప్పజెప్పాం.

ఆ పని చేసే సాఫ్టువేరు ఎప్పుడో వచ్చేసింది, అదీ ఉచితంగా. క్యాథలీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ 2012లో కోడెల్ అనే పద్ధతి చెప్పారు. అదే ఏడాది దానికి వంతులు కలిపి ఎఫ్‌క్యూ కోడెల్ పేరుతో లినక్స్ 3.5లో చేర్చారు. 2018లో ఆర్ఎఫ్‌సీ 8290 అయింది. అది చేసే పని ఇదీ. కనెక్షన్లని 1024 చిన్న క్యూలుగా విడదీస్తుంది. ఒక్కో క్యూకి వంతు ప్రకారం కాస్త కాస్త పంపుతుంది. అప్పుడప్పుడూ ఒక చిన్న ప్యాకెట్టు మాత్రమే పంపేవాడిని, అంటే ఫోను కాల్ లాంటివాటిని, ముందుకి పిలుస్తుంది. క్యూలో ఆగే సమయం ఐదు మిల్లీసెకన్లు దాటి అలాగే కొనసాగితే ప్యాకెట్టు పారేసి, కాస్త నెమ్మదించు నాయనా అని పంపేవాడికి తెలియజేస్తుంది. ఒక్క షరతు ఉంది. క్యూ మన రౌటరులోనే ఉండాలి, ఆపరేటరు బాక్సులో కాదు. అందుకే స్పీడు అసలుకన్నా కొంచెం తగ్గించి పెట్టాలి. పైకి రెండు ఎంబీపీఎస్ వస్తుంటే నేను 1700 కేబీపీఎస్ పెట్టాను. పాత రౌటరు ఒకటి మూలపడి ఉంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించాను, గంట పని. ఫొటోల బ్యాకప్ నడుస్తుండగానే పింగు యాభై లోపలికి దిగింది.

ఇక్కడితో అయిపోలేదు, అసలు కిటుకు తర్వాత తెలిసింది. ఎఫ్‌క్యూ కోడెల్ వంతు వేసేది కనెక్షన్‌కి, మనిషికి కాదు. అన్న టారెంటు పెడితే దానికి యాభై కనెక్షన్లు, చెల్లెలి క్లాసుకి రెండో మూడో. యాభై వంతులు అటు, మూడు వంతులు ఇటు. చూడటానికి సమానమే మరి! ఇది మా జిల్లా వాళ్ళకి బాగా తెలిసిన సమానమే. భూమి అడుగున నీళ్ళు అందరివీ ఒకటే, కానీ నాలుగు బోర్లు వేసుకోగలిగినవాడికి నాలుగు వాటాలు, ఒక్క బోరు వాడికి ఒక్కటి. పక్కవాడు ఇంకా లోతు దించితే ఆ ఒక్కటీ ఎండిపోతుంది.

దీనికీ మందుంది. 2018లో లినక్స్ 4.19లో చేరిన కేక్ అనే పద్ధతి ముందు మిషన్‌కి వంతు వేసి, ఆ తర్వాత ఆ మిషన్‌లోని కనెక్షన్లకి పంచుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో డిఫాల్టు సెట్టింగుతో ఇది రాదు. నాట్ వెనక్కి తొంగి చూడమని, హోస్టు వారీగా పంచమని విడిగా చెప్పాలి. చాలామంది ఆ రెండు మాటలూ రాయకుండా వదిలేసి కేక్ పనిచెయ్యట్లేదంటారు. అయినా ఇది కూడా మనిషిని గుర్తుపట్టలేదు. లాప్‌టాపు, ఫోను, టీవీ మూడూ ఉన్న అన్నకి మూడు వాటాలు, ఒక్క లాప్‌టాపున్న చెల్లెలికి ఒకటి. చిన్నమ్మకైతే వాటానే లేదు. ఆవిడ ఫోను వైఫైకి కలిపిందే లేదు, పాస్‌వర్డు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ప్రయారిటీ సంగతి. ఆఫీసు లాప్‌టాపుని పైన పెడితే తప్పేమిటి, అన్నం పెట్టేది అదే కదా అంటారు. సరే, పెట్టారనుకోండి. కాల్‌కి కావలసింది ఎంత? ఒక ఎంబీపీఎస్ అటూ ఇటూ. వంతులు సరిగ్గా ఉంటే అది ఎలాగూ దొరుకుతుంది, ప్రయారిటీ అక్కర్లేదు. ప్రయారిటీ నిజంగా తేడా చూపించేది ఆ లాప్‌టాపు తనకి కావలసినదానికన్నా ఎక్కువ లాగుతున్నప్పుడే, అంటే వందల ఎంబీల ఫైళ్ళు పైకి సింక్ అవుతున్నప్పుడు. అప్పుడు మిగతా ఇల్లంతా ఎండుతుంది. ఇంకో సంగతి. ఈ బటను నొక్కేది ఎవరు? ఇంట్లో రౌటరు పాస్‌వర్డు ఎవరి దగ్గరుంటుంది? మన దగ్గరే. జీతగాడూ మనమే, నీరుగంటీ మనమే అయితే ఇంక చెప్పేదేముంది.

కొలవకుండా పంచడం కూడా ఒక జబ్బే. 2000ల్లో ఏపీఎఫ్ఏఎమ్‌జీఎస్ అని ఒక భూగర్భజలాల ప్రాజెక్టు అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన లెక్క రాసి, ఆ అంకెలు ఊళ్ళో అందరికీ కనపడేట్టు పెట్టేవాళ్ళు. ఉన్నదెంతో చూసుకుని ఏ పంట వెయ్యాలో మాట్లాడుకునేవాళ్ళు. బడికి పోని రైతులు ఆ పని చేశారు. మనం ఇంజనీరింగు చదివి ఒక్కసారి పింగ్ పెట్టి చూడకుండా, చెల్లెలి లాప్‌టాపు మూయిస్తాం.

ఇప్పుడు వంద ఎంబీపీఎస్‌లు వచ్చేశాయి, ఇదంతా ఎందుకు అనేవాళ్ళకి ఒక్క మాట. నిజమే, మంచి ఫైబరున్న చోట పైకీ కిందికీ బోలెడు ఉంటుంది, ఈ బాధ తక్కువ. కానీ 2023 నుంచి వస్తున్న ఎయిర్‌ఫైబర్లూ, హాట్‌స్పాట్లూ గాలిలోంచి వచ్చేవే. ఇప్పుడున్న స్పీడు సాయంత్రానికి ఉండదు, పైకి పోయేది ఇంకా తక్కువ. అలాంటి చోట ఎంత తగ్గించి పెట్టాలో చెప్పడం కష్టం కూడా. పైగా మరీ చవక రౌటరు ప్రాసెసరుకి ఎక్కువ స్పీడులో ఈ పని మొయ్యడం చేతకాదు. కాబట్టి ఇదేదో సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. ఆపరేటర్లు ఇచ్చే బాక్సుల్లో చాలావాటిలో నడిచేది లినక్సే కాబట్టి, ఫ్యాక్టరీలోనే ఈ సెట్టింగు పెట్టి ఇవ్వొచ్చు కదా అంటున్నాను.

ఇదే మాట మా ఊరి వైపు కనెక్షన్లిచ్చే ఒకాయనతో అన్నాను. శ్రద్ధగా విన్నాడు, ఫోనులో పింగు అంకెలు చూపిస్తే ఆశ్చర్యపోయాడు. తర్వాత అడిగాడు, "అట్ల జేస్తే పై ప్లాను ఎవురు తీసుకుంటారన్నా?" అని.