కళాశాల పరిపాలనకు సాఫ్ట్‌వేర్: ఎంపికలో సిబ్బంది స్థానం

ప్రవేశాలు, హాజరు, ఫీజులు, పరీక్షలు, టి.సి.లు – వీటన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తేవాలన్న ప్రయత్నం ఇప్పుడు చిన్న కళాశాలల దాకా వచ్చింది. దీనిని కాదనవలసిన పని లేదు. అయితే ఆ సాఫ్ట్‌వేరును ఎన్నుకొనేది ఎవరు అన్న ప్రశ్న మన సమావేశాలలో అరుదుగా వినబడుతుంది. యాజమాన్యం ధర చూస్తుంది; అమ్మవచ్చినవారు తెరమీద ప్రదర్శన చూపుతారు; ఒప్పందం ముగుస్తుంది. ఆ పిమ్మట కార్యాలయ గుమాస్తానూ అధ్యాపకులనూ పిలిచి రెండు రోజులు శిక్షణ ఇస్తారు. దీనినే సిబ్బందిని కలుపుకొని పోవటమని నివేదికలలో వ్రాసుకొంటున్నాము. నిర్ణయానికి ముందు అడగటానికీ, నిర్ణయమైన తరువాత నేర్పటానికీ చాలా దూరం ఉన్నది.

ఆ దూరం ఎంతటిదో 2019లో తెలంగాణమంతా చూచింది. అంతకుముందు సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ నిర్వహించిన ఇంటర్మీడియట్ ఫలితాల పనిని బోర్డు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఏప్రిల్ 18న ఫలితాలు వెలువడ్డాయి. పరీక్ష వ్రాసినవారు కొందరు మెమోలలో గైర్హాజరైనట్లు కనబడ్డారు. మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చింది. జవాబుపత్రం తెప్పించి చూడగా 99. అంకెల గడులు తప్పుగా నింపినందువల్ల జరిగినదని తేల్చి, సంబంధించినవారిపై చర్య తీసికొన్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని నియమించింది. తప్పినవారి జవాబుపత్రాలను, మూడు లక్షలకు మించిన విద్యార్థులవి, తిరిగి పరిశీలించగా మరి 1,137 మంది ఉత్తీర్ణులని మే నెలలో ప్రకటించారు. అప్పటికే కొన్ని ఇళ్ళలో పూడ్చరాని నష్టం జరిగిపోయింది.

నన్ను వెంటాడేది ఆ సున్న. దిద్దేవారి చేయి పొరపడటం మానవ సహజం. కాని తక్కిన పాఠ్యాంశాలలో మంచి మార్కులున్న విద్యార్థినికి తెలుగులో సున్న కనబడితే, ఏళ్ళ తరబడి మార్కుల పట్టికలు వ్రాసిన గుమాస్తా కలం ఆపుతాడు, మూలపత్రం తెప్పించమంటాడు. ఆ సందేహం యంత్రానికి తనంత తాను కలుగదు. ఇటువంటి చోట ఆగవలెనని ముందుగా ఎవరో దానికి చెప్పి ఉండాలి. చెప్పగలిగినవారు ఆ పని చేసినవారే.

మనవంటివారికి ఇది కొత్త సంగతి కాదు. పాఠపరిష్కరణలో కొత్త ప్రతి దొరికిందని పాత ప్రతులను ఎవరూ పారవేయరు. వాక్యం వాక్యం సరిపోల్చి చూస్తారు. పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ ఒక సెమిస్టరు పాటు పక్కపక్కన నడిపి ఫలితాలు పోల్చటం కూడా అటువంటి పనే. దానికి ఖర్చని వెనుకాడటం నాకు అర్థం కాదు.

సుల్తానాబాద్ వంటి మండల కేంద్రంలో ఒక కళాశాల అడ్మిషన్ రిజిస్టరును తెరచి చూడండి. ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత. కొత్త సాఫ్ట్‌వేరులోని గడులు పాశ్చాత్యుల పద్ధతిలో మొదటి పేరు, చివరి పేరు అని అడుగుతాయి. ‘లక్ష్మి’ని పదవ తరగతి మెమోలో ఇంగ్లీషు ‘ఎక్స్’తో వ్రాసి ఉంటారు, ఆధార్‌లో ‘కె.ఎస్.హెచ్.’తో. మనకు ఇది పాఠాంతరం; కంప్యూటరుకు ఇద్దరు మనుషులు. ఈ తేడా వల్ల స్కాలర్‌షిప్పు దరఖాస్తు నిలిచిపోతే ఆ పిల్లతో తిరగవలసినది గుమాస్తాయే. ఇక మన పాఠ్యాంశాల పేర్ల మాట: వ్యాకరణం, అలంకారశాస్త్రం అన్నవాటిని ఇంగ్లీషులో కుదించి వ్రాయటం తప్ప దారి లేదని అమ్మకందారులు అంటారు. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించింది. ఆ సాకు చెల్లదని చెప్పటానికైనా ఎంపిక సమయంలో భాషాధ్యాపకుడు ఒకరు అక్కడ ఉండాలి.

గ్రంథపాలకులకు పరిచితమైన ‘కోహా’ పుట్టుక ఇక్కడ స్మరించదగినది. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయ సంస్థ వాడుతున్న పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదని తేలింది. సిద్ధంగా ఉన్నది కొనక, తమ పనికి ఏమి కావాలో తామే చెప్పి, 1999లో ఒక చిన్న సంస్థచేత కొత్తది వ్రాయించుకొన్నారు. 2000 జనవరి 3న వాడుకకు తెచ్చి, తరువాత అందరికీ ఉచితంగా ఇచ్చారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. మనం సాఫ్ట్‌వేరు వ్రాయించుకోలేకపోవచ్చు. ఏమి కావాలో చెప్పటానికి మాత్రం పెద్ద నిధులు అక్కరలేదు.

గుమాస్తాలకు కంప్యూటరు శాస్త్రం తెలియదు గదా అనేవారున్నారు. వారిని అడుగుతున్నది పనిని గురించి. సిబ్బంది పాత అలవాట్లను వదలరన్న ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. రిజిస్టరు ఎవరి బీరువాలో ఉంటే పెత్తనం వారిది, ఆ పెత్తనం పోతుందన్న బెంగ కూడా ఉంటుంది. ఆ మాట సంఘంలో బయటపడి చర్చకు రావటమే మేలు. లేకుంటే కొన్న సాఫ్ట్‌వేరు ఒక పక్క, దొంగచాటు నోటుబుక్కు ఒక పక్క నడుస్తాయి.

డిగ్రీ ప్రవేశాలకు 2016లో వచ్చిన ‘దోస్త్’ రాష్ట్రమంతటికీ ఒకటే. అందులో కళాశాలకు ఎన్నిక లేదు. లోపలి పరిపాలనకు తెచ్చుకొనే వ్యవస్థలో ఉన్నది. అక్కడ సంఘంలో గుమాస్తా, గ్రంథపాలకుడు, పరీక్షల బాధ్యుడు, అతిథి అధ్యాపకులలో ఒకరు ఉండాలి. వారి అసమ్మతిని మినిట్సులో నమోదు చేయాలి. ఒప్పందం ముగిసినప్పుడు మన సమాచారం మనకు తిరిగి రావాలన్న షరతును వారు చదివిన తరువాతే సంతకం జరగాలి. ప్రదర్శన రోజున అమ్మకందారు వెంట తెచ్చిన మాదిరి పేర్లను పక్కనపెట్టి, మన రిజిస్టరులోని పది పుటలు ఇచ్చి ఎక్కించమనాలి. కీబోర్డు ముందు గుమాస్తా కూర్చోవాలి. ఆ పది పుటలు ఏవో ఎంచే పని కూడా ఆయనకే విడిచిపెట్టాలి. చదువు మధ్యలో మాని తిరిగి చేరినవారు, పెళ్ళితో ఇంటిపేరు మారినవారు, రెండు పుట్టిన తేదీలున్నవారు ఏ పుటలలో ఉన్నారో ఆయనకే తెలుసు.