హీరో రాలేదట, బడ్జెట్ లేదట! చీప్ సినిమా అన్నోళ్లకు మా జవాబు

పోస్టు కొంచెం పొడుగైతది. డ్యూటీ దిగి, స్నానం చేసి, బువ్వ తిన్నంక నిమ్మళంగ చదవండి.

మొన్న సెలవు నాడు మా రూములో ఎనిమిది మందిమి కూసొని ఒక ఇంగ్లీషు సినిమా చూసినం. దయ్యాలది కాదు, భూమిలోపలి రాకాసి పురుగులది. పేరు 'ట్రెమర్స్ 2: ఆఫ్టర్‌షాక్స్'. 1996ల వచ్చిన పాత సినిమా. మొదటి భాగం అంతకు ముందే చూసి ఉన్నం కాబట్టి రెండోది ఎట్లుంటదో అని పెట్టినం.

ఆ రాత్రి నుంచి మెస్సులో ఒకటే ముచ్చట. "థూ, చీప్ సినిమా." "మొదటి దాంట్లో ఉన్న హీరో దీంట్లో లేనే లేడు." "లారీ అంత పురుగును కుక్కంత చేసిన్రు." "భయపెడతడనుకుంటే జోకులేస్తున్నడు." ఈ మాటలన్నది బయటోళ్లయితే ఊకుందుము. అన్నది మనోళ్లే. అందుకే రాస్తున్నం.

తెలవనోళ్ల కోసం ముందుగాల రెండు ముక్కలు. 1990ల 'ట్రెమర్స్' అని మొదటిది వచ్చింది. అమెరికాల నెవాడా ఎడారిలో పర్ఫెక్షన్ అనే ఒక కల్పించిన ఊరు. అండ్ల వాల్, ఎర్ల్ అని ఇద్దరు దోస్తులు. కంచె పని, చెత్త ఎత్తుడు, ఏ పని దొరికితే ఆ పని చేసుకొని బతికేటోళ్లు. వాల్‌గా కెవిన్ బేకన్, ఎర్ల్‌గా ఫ్రెడ్ వార్డ్ చేసిన్రు. భూమిలోపల ఈదుకుంట వచ్చే పురుగులు మీద అడుగుల అదురు పట్టి మనుషులను మింగుతుంటయి. వాటి నుంచి ఊరోళ్లు ఎట్ల బయటపడ్డరన్నదే కథ. టాకీసుల్ల అంతంత మాత్రమే ఆడింది గానీ, వీడియో క్యాసెట్ వచ్చినంక జనం మస్తుగ చూసిన్రు. అందుకే ఆరేండ్లకు రెండోది తీసిన్రు. ఈసారి టాకీసులకు కాదు, నేరుగా క్యాసెట్ కోసమే. పెట్టిన పైసలు సుమారు 40 లక్షల డాలర్లు. మొదటి దానికి పెట్టిన దాంట్ల సగం కూడా కాదు. కెవిన్ బేకన్ రాలేదు. మొదటి దానికి కథ రాసినోళ్లలో ఒకరైన ఎస్. ఎస్. విల్సన్ దీనికి డైరెక్షన్ చేసిండు.

ఇగ ఒక్కొక్క మాటకు వద్దాం.

మొదటిది, హీరో రాలేదు అన్నది. సినిమాలో వాల్ ఎందుకు రాలేదు? పెండ్లి చేసుకొని తన దారి తాను చూసుకున్నడు. ఎర్ల్ మిగిలిండు. పురుగులను చంపినోడని పేరయితే వచ్చింది, పైసలు మాత్రం చేతిల నిలవలే. నిప్పుకోళ్ల ఫారం పెట్టిండు, అది నడవలే. వయసు మీద పడ్డది. అప్పుడు మెక్సికోల చమురు కంపెనీ మనిషి ఇల్లు వెతుక్కుంట వస్తడు. మా చమురు బావుల కాడ పురుగులు పడ్డయి, మా పనోళ్లను తింటున్నయి, ఒక్కో పురుగుకు 50,000 డాలర్లు ఇస్తం, రమ్మంటడు. ఎర్ల్ ముందుగాల ససేమిరా అంటడు. ఆ మనిషిని ట్యాక్సీలో తోలుకొచ్చిన గ్రేడీ అనే పోరడు, ఇది నీకు దొరికిన రెండో చాన్సు, ఇడిసిపెట్టకు అని ఎంటబడతడు. ఆఖరుకు ఎర్ల్ మూట కట్టుకొని పరాయి దేశం పోతడు.

అన్నలారా, ఇది ఎవరి కథ? గల్ఫుల పదేండ్లు చేసి, ఇంటికి పోయి, కోళ్ల ఫారం పెట్టి, తెగులొచ్చి కోళ్లన్నీ పోయి, బోరు ఏస్తే నీళ్లు పడక, మిత్తి మీద మిత్తి పెరిగి, నలభై దాటినంక మళ్లా మెడికల్ లైన్ల నిలబడ్డది ఎవరు? మన క్యాంపుల రెండో వీసా మీద, మూడో వీసా మీద వచ్చినోళ్లు ఎంతమంది లేరు? మొదటిసారి మనతోని విమానం ఎక్కిన దోస్తు ఊర్లనే నిలదొక్కుకున్నడు, సంతోషం. మనం మళ్లొచ్చినం. మనల్ని చూసి ఎవడన్నా "అసలోడు రాలే, మిగిలినోడు వచ్చిండు" అంటే మనకు ఎట్లుంటది? కెవిన్ బేకన్ వచ్చి ఉంటే ఇది ఇద్దరు దోస్తుల సరదా కథ అయితుండె. రానందుకే ఇది మిగిలిపోయినోని కథ అయింది. మనది కూడా అదే కథ. దాన్నే మనం తిడుతున్నం.

రెండోది, పురుగు చిన్నగైంది అన్నది. నిజమే. దీంట్ల పెద్ద పురుగులుంటయి, కానీ సగం కథకు వచ్చేసరికి ఒక్కో పెద్ద పురుగు పొట్ట చీల్చుకొని రెండు కాళ్ల చిన్న జంతువులు బయటికొస్తయి. ఇవి కూతపెడతయి, తిండి దొరికితే అక్కడికక్కడే ఒకటి రెండయితయి. వీటికి అదురుతోని పనిలేదు. మనిషి ఒంటి వేడిని చూసి వస్తయి.

ఇప్పుడు పనోని లెక్కన ఆలోచించండి. డైరెక్టర్ చేతిల పైసలు తక్కువ. ఇంకా పెద్ద పురుగును చేస్తే సగంలనే పైసలు అయిపోతయి. అందుకే ఏం చేసిండు? పురుగును చిన్నగ చేసి, దాని రూలు మార్చిండు. మొదటి సినిమాల నేర్చుకున్నదంతా, కదలకుండ నిలబడుడు, బండరాయి ఎక్కుడు, ఇక్కడ పనికిరాకుంట పోయింది. చూసేటోనికి కూడా కొత్త భయం. సైట్ల మనం చేసేది ఇదే కదా? డ్రాయింగుల ఉన్న మెటీరియల్ రాదు, స్లాబ్ తేదీ మాత్రం ఆగదు. ఉన్న ప్లైవుడ్, ఉన్న పైపులు, ఉన్న మనుషులతోని పద్ధతి మార్చి, బలం తగ్గకుంట పని నిలబెడతం. అట్ల నిలబెట్టినోన్ని మనం మంచి మేస్త్రీ అంటం. సినిమావోడు చేస్తే చీప్ అంటమా?

ఇంకో మాట. దుబాయిల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటి 12:30 నుంచి 3 గంటల దాక ఎండల పని బంద్ పెట్టాలని రూలు. ఎందుకు పెట్టిన్రు? ఒంటి వేడి మనిషిని చంపుతది కాబట్టి. ఆ జంతువు వేడిని చూసి మీదికొస్తుంటే ఏసీల కూసొని చూసేటోనికి నవ్వు రావచ్చు. ఆగస్టుల స్టీల్ కట్టినోనికి నవ్వెట్ల వస్తది?

మూడోది, బడ్జెట్ లేదు అన్నది. ఈ సినిమాల ఎర్ల్, గ్రేడీ పెద్ద పురుగులను దేంతోని చంపుతరు? పిల్లలు ఆడుకునే రిమోట్ కారుకు డైనమైట్ కట్టి తోలుతరు. దాని అదురు విని పురుగు మింగుతది, పేలుతది. ఆటబొమ్మతోని పని అయిపోయింది. అదే బర్ట్ అనేటోడు ఉన్నడు, మైకేల్ గ్రాస్ చేసిండు. మిలిటరీ ట్రక్కు నిండ తుపాకులు, బాంబులు తెస్తడు. ఒక జంతువును చంపుదామని తన దగ్గర ఉన్న అన్నిటికంటే పెద్ద తుపాకీ పేలుస్తడు. జంతువు చస్తది. గుండు అక్కడ ఆగదు, గోడలు దాటి పోయి, వీళ్లు తప్పించుకుందామనుకున్న బండి ఇంజిన్‌ల దిగుతది. బండి ఖతం! పెద్ద ఖర్చు పెడితే పెద్ద పని అయితదనుకునేటోళ్లకు ఇంతకంటే మంచి జవాబు ఉన్నదా? ఆఖరుకు ఎర్ల్ ఆ జంతువుల మధ్యలకు ఎట్ల పోతడు? మంటలార్పే సీవోటూ సిలిండర్ ఒంటిమీద కొట్టించుకొని, ఒళ్లు చల్లగ చేసుకొని పోతడు. మన సైట్ల ప్రతి అంతస్తుల వేలాడేదే అది. (తమ్ముళ్లు, అది సినిమా. నిజంగ మనిషి మీద కొట్టొద్దు, చర్మం కాలినట్టయితది.)

నాలుగోది, జోకులు. నలభై అంతస్తుల మీద బెల్టు బిగించుకుంట మనం ఏం మాట్లాడుకుంటం? ప్రవచనాలు చెప్పుకుంటమా? జోకులే ఏసుకుంటం. భయం ఉన్న కాడనే జోకు పుడతది. అది తెల్వనోడు ఎన్నడూ ఎత్తు మీద పని చేయలేదన్నట్టు.

మరి ఈ సినిమాల తప్పే లేదా? ఉన్నది. కానీ మీరు పట్టింది కాదు.

సినిమా మొదలయ్యుడే చమురు బావుల కాడ ఒక పనోడు నేల మీద కాలు పెట్టకుంట, దేనిమీదికంటే దానిమీదికి ఎగురుకుంట ప్రాణం కోసం ఉరుకుతడు. పురుగు మింగుతది. మన రూముల ఆ సీనుకు ఈల ఏసిన్రు. అతని పేరేంది? చూసిన ఎనిమిది మందిల ఒక్కరికి కూడా యాదికి రాలే. పురుగు తలకు 50,000 డాలర్లు అని రేటు ఖుల్లాగ చెప్పిన్రు. మింగబడ్డ పనోని ఇంటికి ఎంత ఇచ్చిన్రన్న మాట మాకు యాడా వినబడలే. కంపెనీ బాధ బావులు ఆగిపోయినయని. సినిమా కూడా ఆ లెక్కనే నడిచింది. ఇది అసలు తప్పు. రబ్బరు పురుగు తప్పు కాదు. నాలుగు దినాల సంది మెస్సులో ఇంత ముచ్చట పెట్టినం కదా, ఈ మాట ఒక్కరన్నా అన్నరా?

మేం కూడా అనలే. ఎందుకనలేదో చెప్తం. పోయిన ఎండకాలం మా సైట్ల ఒక తమ్ముడు పడిపోయిండు. పగటి బ్రేకు అయిపోయినంక గంటకు, షట్టరింగ్ మీద. నీడకు తెచ్చినం, తడిబట్ట ఏసినం, అంబులెన్స్ పిలిచినం. దేవుని దయ, బతికిండు. సాయంత్రం రిపోర్టు రాయాలె. "ఒక లేబర్‌కు బాగలేదు, పని 40 నిమిషాలు ఆగింది" అని రాసినం. ఫారంల పేరు రాసే గడి ఉన్నది. దాంట్ల బ్యాడ్జ్ నంబర్ ఏసి ఊకున్నం. పేరు మాకు తెలవదా? తెలుసు. వాళ్ల అమ్మ ఫోన్‌ల మాతోని మాట్లాడుతది. అయినా రాయలే. 40 నిమిషాలు మాత్రం సరిగ్గ రాసినం.

కాబట్టి అన్నలారా, ఆ సినిమావోన్ని తిట్టే హక్కు మాకు కూడా సగమే ఉన్నది. అతను పనోని పేరు మరిచిండు, మేము తెలిసి కూడా రాయలే.

మేం చెప్పేది ఇంతే. సినిమా నచ్చకపోతే నచ్చలేదనుండ్రి, ఎవరి ఇష్టం వాళ్లది. కానీ "హీరో లేడు, పైసలు పెట్టలేదు, చిన్నగున్నది" అన్న తూకం మనది కాదు. మనల్ని తూకమేసేటోళ్లది ఆ రాయి. ఊరికి పోతే అదే రాయితోని మనల్ని కొలుస్తరు: ఎంత తెచ్చినవ్, ఏం కట్టినవ్, ఏ కారు కొన్నవ్. ఆ రాయి ఎంత బరువుంటదో మోసిన మనకే తెలుసు. అది తీస్కపోయి ఇంకొకని పని మీద పెట్టకుండ్రి. తక్కువ పైసలతోని ఎవడన్నా ఏదన్నా చేస్తే, ముందుగాల ఉన్నదాంతోని ఎట్ల నిలబెట్టిండో చూడండి. తర్వాత అండ్ల ఎవరిని మరిచిండో చూడండి. ఆ రెండే అడగండి.

ఇప్పటి నుంచి మా సైట్ రిపోర్టుల పేరు రాస్తున్నం. ఊరి పేరు కూడా. మీ సైట్ల రిపోర్టు ఎట్ల రాస్తున్నరో కింద చెప్పండి. రాసిన దాంట్ల తప్పుంటే తిట్టండి, పడతం.

ఉంటం మరి. పొద్దున నాలుగింటికి బస్సు.