నాణేలు తూచిన లెక్కల ప్రొఫెసర్

ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న రోజే మనలో చాలామందిమి చరిత్రకి ఓ దండం పెట్టేశాం. తేదీలు, రాజుల పేర్లు బట్టీ పట్టడమేగా, మనకెందుకు అనుకున్నాం. నేనూ అంతే. దామోదర్ ధర్మానంద్ కోశాంబి గురించి చదివాక మాత్రం ఆ మాట అనడానికి నోరు రావట్లేదు.

1907లో గోవాలో పుట్టిన కోశాంబి వృత్తిరీత్యా లెక్కల ప్రొఫెసర్. హార్వర్డ్‌లో చదివి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో 1962 దాకా పనిచేశారు. ఆయన్ని చరిత్రలోకి లాక్కొచ్చింది ఓ స్టాటిస్టిక్స్ సమస్య. చేతులు మారేకొద్దీ నాణెం అరిగి బరువు తగ్గుతుంది. ఎక్కువ కాలం తిరిగిన నాణేల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా కూడా పెరుగుతుంది. అంటే మీన్ తగ్గుతుంది, వేరియన్స్ పెరుగుతుంది. వేలకొద్దీ పాత వెండి నాణేల్ని ఒక్కొక్కటిగా తూచి, ఏవి ముందువో ఏవి తర్వాతివో తేల్చే దారి చూపించారాయన. మనం మార్కుల కోసం చేసే లెక్కే అది!

ఆ నాణేలు వేసిందెవరో తెలుసుకోవాలని సంస్కృత గ్రంథాలు పట్టారు. పుణె చుట్టుపక్కల కాలినడకన తిరిగి రాతి పనిముట్లు ఏరారు, ఊరి దేవతల గురించి జనాన్ని అడిగారు. 1956లో వచ్చిన ‘యాన్ ఇంట్రడక్షన్ టు ద స్టడీ ఆఫ్ ఇండియన్ హిస్టరీ’లో రాజుల వరస కంటే నాగలి ఎవరు పట్టారు, పంటలో మిగులు ఎవరి చేతికెళ్లింది అన్నవే ఆయనకు ముఖ్యం.

ఆయన చెప్పిందంతా నిజమని నేననట్లేదు. ఆయన మార్క్సిస్టు; ఆయన నిర్ధారణలు కొన్నింటితో తర్వాతి చరిత్రకారులు విభేదించారు. నా పాయింటే అది. రీడింగ్స్ మన ముందు పెట్టినవాళ్లతోనే సరిగ్గా విభేదించగలం.

మన గ్రూపుల్లో తిరిగే చరిత్రకి రీడింగ్స్ ఉండవు. నమ్మాలి, లేదా తిట్లు తినాలి. అలాంటి ఓ ఫార్వర్డ్ మీద రూమ్మేట్‌తో గొడవపడి మూడు వారాలు మాట్లాడలేదు నేను. తర్వాత వెతికితే ఆ మెసేజ్‌కి ఆధారమే దొరకలేదు. సారీ చెప్పాననుకోండి, కానీ సిగ్గు మాత్రం పోలేదు. ల్యాబ్ రికార్డులో రీడింగ్ లేకుండా రిజల్ట్ రాస్తే సంతకం పడదని తెలిసిన నేను, వందల ఏళ్ల కథని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా నమ్మేశాను.

కోశాంబి కృషిని తెలుగులో పరిచయం చేస్తూ పుస్తకం రాసిన కె. బాలగోపాల్ కూడా కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పినవారే. కాబట్టి ‘మాది ఇంజనీరింగ్, చరిత్ర మాకెందుకు’ అనే సాకు ఇక చెల్లదు. ఈసారి ఫార్వర్డ్ బటన్ మీద వేలు పెట్టేముందు ఒక్కటి అడుగుదాం: దీన్ని ఎవరు తూచారు?