బాధ్యత రాసి ఉంది, మరి హక్కు?

పిల్లలూ, మీ సాంఘికశాస్త్రం పుస్తకం ఒకసారి తెరవండి. మన రాజ్యాంగంలోని ప్రాథమిక విధులు అచ్చు వేసి ఉంటాయి. అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన ప్రకృతిని కాపాడాలి, మెరుగుపరచాలి, జీవులన్నిటి పట్ల దయతో ఉండాలి అన్నది వాటిలో ఒకటి. ఉదయం అసెంబ్లీలో దీన్ని ఎన్నోసార్లు చదివించాం. ఒకసారి అలా చదివించి తరగతికి రాగానే ఏడో తరగతి పాప ఒకతె అడిగింది: "టీచర్, గాలిని, నీటిని కాపాడటం మన డ్యూటీ అని రాశారు కదా, మంచి గాలి మన హక్కు అని ఏ పేజీలో రాశారు?"

పేజీలు తిప్పి చూశాం. ఆ మాట అలా ఎక్కడా లేదు. ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

మేమూ మీలాంటివాళ్లమే. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే అట్టపెట్టెల్లో సామాను సర్దుకుని రైలెక్కేవాళ్లం. ఒక ఊళ్లో బొగ్గు గనులకు దగ్గరగా క్వార్టర్సు ఉండేది. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి మసిబారేది. ఇంకో ఊళ్లో బోరు నీళ్లు పట్టి ఉంచితే బకెట్టు అడుగున ఎర్రటి మడ్డి తేలేది. మరో చోట చలికాలం వచ్చిందంటే మైదానంలో ఆటలు బందు. ఇన్‌హేలర్ వాడే పిల్లల పేర్లు క్లాస్ టీచర్ డైరీలో విడిగా రాసుకునేవాళ్లం. ఈ ఊళ్లను మేము ఎంచుకోలేదు. మీరూ ఎంచుకోలేదు, మీ అమ్మానాన్నలూ ఎంచుకోలేదు. ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లారు.

ఊరు మారినా మీ సిలబస్ మారదు. టీసీ చూపిస్తే కొత్త బడిలో కూర్చోనిస్తారు. పీల్చే గాలి, తాగే నీరు మాత్రం ఏ ఊరు పడితే దాన్ని బట్టి, మన అదృష్టాన్ని బట్టి ఉంటాయి. అందుకే మనలాంటి బదిలీ కుటుంబాలకు, మనతోపాటు ఊరూరా వచ్చే హక్కు ఒకటి కావాలి.

రాజ్యాంగంలో పర్యావరణం ప్రస్తావన బొత్తిగా లేదని కాదు. 1972లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో పర్యావరణంపై ప్రపంచ సదస్సు జరిగింది. ఆ తర్వాత 1976లో 42వ సవరణతో మన రాజ్యాంగంలో రెండు మాటలు చేరాయి. పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను కాపాడేందుకు ప్రభుత్వం కృషి చేయాలని 48-ఎ అధికరణ చెబుతుంది. పౌరుల విధిని 51-ఎ చెబుతుంది. అయితే 48-ఎ ఆదేశిక సూత్రాల్లో ఉంది. ఆదేశిక సూత్రాలు అమలు కాలేదని కోర్టుకు వెళ్లే వీలు లేదని 37వ అధికరణ స్పష్టంగా చెప్పింది. అంటే ప్రభుత్వానికి సూచన ఉంది, మనకు విధి ఉంది. హక్కు అనే మాటే లేదు.

ఆ ఖాళీని ఇన్నాళ్లూ కోర్టులే పూరిస్తూ వచ్చాయి. 1983లో డెహ్రాడూన్ నుంచి ఒక సంస్థ సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ముస్సోరీ కొండల్లో సున్నపురాయి గనులు కొండల్ని తొలిచేస్తున్నాయని అందులో చెప్పింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, చివరకు చాలా గనులను మూయించింది. 1991లో బొకారో నది కాలుష్యం మీద ఒక కేసు వచ్చింది. కేసు వేసినవారు ఓడిపోయారు. కానీ కాలుష్యం లేని నీటిని, గాలిని పొందడం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు అదే తీర్పులో చెప్పింది. ఆ మాట నేటికీ నిలిచి ఉంది.

మన తెలుగు నేలదీ ఒక కథ ఉంది. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాదు వదిలి వెళ్లలేరని అక్కడ ఒక మాట. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం కలిగించే పరిశ్రమలు రాకూడదన్న నిబంధన ఉండేది. ఒక ఫ్యాక్టరీకి మినహాయింపు ఇస్తే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లక్షలమంది తాగే నీటి విషయంలో ఆ మినహాయింపు చెల్లదని 2000లో కోర్టు తేల్చింది.

మరి కోర్టులు చెబుతూనే ఉన్నాయి కదా, మళ్లీ రాజ్యాంగంలో రాయడం ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మీరు కూర్చున్న బెంచీలోనే ఉంది.

చదువు కూడా మొదట్లో ఆదేశిక సూత్రమే. 1993లో ఉన్నికృష్ణన్‌కూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య నడిచిన కేసులో, 14 ఏళ్ల దాకా చదువు పిల్లల హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. విషయం అక్కడితో ఆగలేదు. 2002లో 86వ సవరణతో 21-ఎ అధికరణ రాజ్యాంగంలోకి వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అదే 86వ సవరణ, పిల్లల్ని చదివించడం తల్లిదండ్రుల విధి అని కూడా చేర్చింది. చూశారా, చదువు విషయంలో హక్కు, విధి ఒకే సవరణలో జంటగా వచ్చాయి. పర్యావరణం విషయంలో విధి 1976లోనే వచ్చింది. దాని జంట ఇంకా రాలేదు.

కోర్టు చెప్పిన హక్కును తెలుసుకోవాలంటే లాయరు కావాలి. రాజ్యాంగంలో రాసిన హక్కును ఏడో తరగతి పాప కూడా వేలు పెట్టి చూపించగలదు. రాతలో ఉన్నదాని ప్రకారం చట్టం చేయమని, నిధులు ఇవ్వమని అడగవచ్చు. కేసు పడేదాకా ఆగనక్కర్లేదు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. మన పొరుగు దేశం నేపాల్ 2015 రాజ్యాంగంలో స్వచ్ఛమైన పర్యావరణాన్ని ప్రాథమిక హక్కుగా రాసుకుంది. పాకిస్తాన్ 2024లో సవరణ చేసి చేర్చుకుంది. భూటాన్ అయితే దేశంలో 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 రాజ్యాంగంలోనే పెట్టింది. 2022 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 161 దేశాలు ఈ హక్కుకు అనుకూలంగా ఓటు వేశాయి.

రాస్తే చాలు, గాలి బాగుపడిపోతుందని మేము అనడం లేదు. హక్కు రాసుకున్న నేపాల్‌లోనూ ఖాట్మండూ పొగతో అవస్థ పడుతూనే ఉంది. మీలో చాలామంది అమ్మానాన్నలు బొగ్గు, కరెంటు, రైల్వే పనుల్లో ఉన్నారు. ఆ పనులు ఆగితే దేశం నడవదు, మన ఇల్లూ నడవదు. హక్కు అంటే ఫ్యాక్టరీకి తాళం వేయడం కాదు. 2024 మార్చిలో బట్టమేక పిట్ట కేసులో సుప్రీంకోర్టు చేసిన ఆలోచన చూడండి. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలు తగిలి ఆ పిట్టలు చనిపోతున్నాయి. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం ఆ పిట్ట కోసం పెట్టినదే. పిట్టా బతకాలి, సౌర విద్యుత్తూ రావాలి. రెంటినీ తూచమని కోర్టు నిపుణులకు అప్పగించింది. వాతావరణ మార్పుల కీడు నుంచి రక్షణ పొందడం కూడా మన హక్కేనని అదే తీర్పులో చెప్పింది. తూచేటప్పుడు ఒక తట్టలో లాభం ఉంటే, రెండో తట్టలో మన ఊపిరి కూడా ఉండాలి. హక్కు చేసే పని అదే.

రాజ్యాంగ సవరణ పార్లమెంటు చేతిలో ఉంది. మీకు ఇంకా ఓటు లేదు. కానీ డెహ్రాడూన్ కథ ఒక ఉత్తరంతోనే మొదలైంది కదా! ఈ నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, మీ నియోజకవర్గం ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. మీరు ఉన్న ఊళ్లలో తాగిన నీరు, పీల్చిన గాలి ఎలా ఉన్నాయో ఉన్నదున్నట్టు చెప్పండి. చివర "చదువు హక్కు పక్కన మంచి గాలి, మంచి నీటి హక్కు కూడా రాయండి" అని అడగండి. తెలుగులో రాస్తే తప్పులు మేము దిద్దిపెడతాం.

పనిచేసిన ప్రతి బడిలోనూ మీలాంటి పిల్లలతో కలిసి మొక్కలు నాటాం. ఏది బతికిందో, ఏది ఎండిందో చూడకుండానే తర్వాతి ఊరికి వెళ్లిపోయాం. మన విధి మనం చేశాం. ఇక హక్కు కూడా రాయించుకుంటే, మనం వదిలి వచ్చిన ఊళ్లో ఆ మొక్క తరఫున అడిగే పిల్లలు ఎప్పుడూ ఉంటారు.