మైమరచిన అభిమానానికి ఎట్టయపురం కనిపించదు

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఉన్న నల్లరేగడి పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సీమ అనగానే మనకు గుర్తొచ్చేది పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబ్రహ్మన. ఆ పేరు వింటే మాత్రం కళ్లముందు నిలిచేది 1959 నాటి సినిమాలో శిస్తు కట్టనని తెల్లదొరపై గర్జించే శివాజీ గణేశన్. 1799 అక్టోబరు 16న కట్టబ్రహ్మనను కయత్తారులో ఉరితీశారు. అక్కడ స్థలం కొని ఆయన విగ్రహం నిలిపింది కూడా శివాజీయే. ఆ అభిమానం గొప్పది, కాదనను. అయితే మైమరచి చూసేవాళ్లకు తెరమీది వీరుడు దక్కుతాడు గానీ అసలు మనిషి చేజారిపోతాడు. అసలు మనిషి కథ 1798లో ఉంది. శిస్తు బకాయిల లెక్క తేల్చుకుందామని ఆయన కలెక్టర్ జాక్సన్ మకాం మార్చిన ఊరికల్లా వెంట తిరిగాడు. చివరికి రామనాథపురంలో దర్శనం దొరికితే దొర కూర్చోమని కూడా అనలేదు. అక్కడ జరిగిన కొట్లాటపై విచారించిన మద్రాసు ప్రభుత్వం జాక్సన్‌నే పదవి నుంచి తప్పించింది. రాజీకి వెళ్లి అవమానపడి, ఆ తర్వాత తలవంచనన్న ఈ మనిషి నాకు తెరమీది వీరుడికంటే పెద్దవాడిగా కనిపిస్తాడు.

ఈ మైమరపు వల్ల ఎక్కువ నష్టపోయింది ఎట్టయపురం. కట్టబ్రహ్మనలాగే అక్కడి పాలెగాళ్లదీ తెలుగు మాట్లాడే కంబళ నాయకుల వంశమే. వాళ్లు కట్టబ్రహ్మనకు ఎదురుగా ఈస్టిండియా కంపెనీ పక్షాన నిలిచిన మాట నిజం, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. కానీ ఎట్టప్పన్ అనే వంశనామం తమిళంలో ద్రోహికి మారుపేరై, తిట్టుగా స్థిరపడిపోయింది. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. ఆయన వంశంవాడైన సుబ్బరామ దీక్షితులు తెలుగులో రాసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో అచ్చయింది ఆ సంస్థానం అండతోనే. కర్ణాటక సంగీతానికి అంతటి ఆధారగ్రంథాన్ని తెలుగు లిపిలో ఇచ్చిన ఊరిని తెలుగువాళ్లమే ఒక్క తిట్టుతో సరిపెట్టుకుంటే ఎలా?

పరాయి పాలనలో నలిగిన జనానికి మచ్చలేని వీరుడు కావాలి, లెక్కలు తీస్తే ఆ స్ఫూర్తి పలచబడుతుందని కొందరంటారు. ఆ భయానికి కారణం ఉంది. కట్టబ్రహ్మనను దోపిడీదారుగా చిత్రించిన రాతలూ వచ్చాయి మరి. కానీ అలాంటి రాతలకు జవాబు ఆధారాల్లోనే దొరుకుతుంది. సినిమా సంభాషణ ఎంత బిగ్గరగా వల్లించినా అది సాక్ష్యం కాదు. పైగా కట్టబ్రహ్మన తమ్ముడు ఊమైదురై 1801లో పాళయంకోట చెర నుంచి తప్పించుకుని, కూల్చేసిన పాంచాలంకురిచ్చి కోటను మళ్లీ లేపి పోరాడాడు. అన్న బొమ్మకే కళ్లప్పగించిన మనలో ఎందరికి ఆ తమ్ముడు తెలుసు? తన వాళ్లను కళ్లు తెరిచి ప్రేమించడం ఎలాగో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ, తమిళ రచయిత కి. రాజనారాయణన్ చూపించాడు. తెలుగు నేల విడిచి వెళ్లి అడవి నరికి పొలం చేసుకున్న జనాన్ని ‘గోపల్ల గ్రామం’లో వాళ్ల భయాలతో, మూఢనమ్మకాలతో సహా రాశాడు. ఆ కథకు కొనసాగింపుగా వచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.